కిరాణా సరుకులపై క్రెడిట్ కార్డు క్యాష్‌బ్యాక్: విజయవాడ, గుంటూరు ఇళ్లవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కార్డు బిల్లు ప్రతి నెలా పూర్తిగా కట్టేవాళ్ల కోసం మాత్రమే ఈ పేజీ. సగం కట్టి సగం వచ్చే నెలకు తోసే అలవాటు ఉంటే, ముందు 12వ ప్రశ్న చదివి, తర్వాత పైకి రండి. కార్డుల ఫీజులు, శాతాలు, హద్దులు బ్యాంకులు ఏడాదికి ఒకటి రెండుసార్లు మారుస్తూనే ఉంటాయి. కింద చెప్పిన కార్డు ఏదైనా తీసుకునే ముందు ఆ బ్యాంకు ఇచ్చే ఎంఐటీసీ పత్రం, అంటే ముఖ్య నిబంధనల పత్రం, ఒకసారి తెరిచి చూడండి.

1. నిజంగా నెలకు ఎంత మిగులుతుంది?

యూట్యూబ్ వీడియోల్లో చెప్పినంత మిగలదు. నలుగురున్న ఇంటికి నెలకు 13,000 రూపాయల ఖర్చు అనుకుందాం. సూపర్ మార్కెట్‌లో 4,500, వీధి కొట్లో 2,500, కూరగాయలు, పళ్లకు 2,000, పాలకు 2,500, డెలివరీ యాప్‌లో 1,500. సూపర్ మార్కెట్‌లో 1 శాతం చొప్పున 45, వీధి కొట్లో రూపే కార్డుతో స్కాన్ చేస్తే 25, యాప్‌కు తగిన కార్డు ఉంటే 10 శాతం చొప్పున 150. కూరగాయలు, పాల మీద ఏమీ రాదు. మొత్తం 220. ఏడాదికి 2,640. ఆ యాప్ కార్డుకు ఏడాది ఫీజు 500, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 590 తీసేస్తే మిగిలేది 2,050. రెండో కార్డు ఫీజు లేనిది అనుకుని వేసిన లెక్క ఇది.

ఒక పండక్కి పప్పులూ నూనే వచ్చేంత మొత్తం. చేదేమీ కాదు. కానీ ఈ 2,050 కోసం అవసరం లేని సరుకులు నెలకు 200 రూపాయలవి ఎక్కువ కొంటే ఏడాది తిరిగేసరికి చేతి డబ్బే పోయినట్టు. ఈ లెక్కలో మరో సంగతీ ఉంది. 220లో 150 వచ్చింది 1,500 ఖర్చు మీదే. మిగతా 11,500 మీద వచ్చింది 70. క్యాష్‌బ్యాక్ ఎంత వస్తుందో నిర్ణయించేది ఎంత కొన్నారన్నది కాదు, ఎక్కడ కొన్నారు, ఎలా చెల్లించారు అన్నదే.

2. ప్రకటనలో 5 శాతం అన్నారు. నాకు 1 శాతమే పడింది. ఎందుకు?

మామూలుగా మూడు కారణాలుంటాయి.

ఒకటి, ఆ 5 శాతం ఆన్‌లైన్ కొనుగోళ్లకు. షాపులో కార్డు గీకినా, చిప్ పెట్టినా, మెషీన్ మీద తాకించినా అది ఆఫ్‌లైన్ కిందే లెక్క. ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డు దీనికి మంచి ఉదాహరణ: ఆన్‌లైన్‌లో 5 శాతం, షాపులో 1 శాతం. పటమటలో సూపర్ మార్కెట్ కౌంటర్ దగ్గర ఇదే కార్డు ఇచ్చి 5 శాతం కోసం ఎదురుచూసేవాళ్లు చాలామందే ఉన్నారు.

రెండు, షాపు కోడ్. కార్డు తీసుకునే ప్రతి వ్యాపారికీ బ్యాంకు నాలుగంకెల వ్యాపార కోడ్ ఇస్తుంది. దాన్ని ఎంసీసీ అంటారు. కిరాణా, సూపర్ మార్కెట్లకు 5411. డిపార్ట్‌మెంటల్ స్టోర్లకు 5311. ఇతర ఆహార దుకాణాలకు 5499, మాంసం దుకాణాలకు 5422, పాల ఉత్పత్తుల దుకాణాలకు 5451, బేకరీలకు 5462. మీ కార్డు ‘గ్రోసరీ’కి ఎక్కువ ఇస్తానంటే దాని అర్థం చాలాసార్లు 5411 అనే. ఒకే షాపులో కందిపప్పు, గిన్నెలు, బనియన్లు అన్నీ అమ్ముతుంటే దానికి 5311 ఇచ్చి ఉండొచ్చు. మీరు కొన్నది కందిపప్పే అయినా బ్యాంకుకు కనిపించేది ఆ కోడ్ మాత్రమే. బిల్లులో ఏ సరుకు ఉందో బ్యాంకు చూడదు.

మూడు, నెలవారీ హద్దు. దాని గురించి 10లో చెప్పాం.

3. ఫలానా షాపుకు ఏ కోడ్ ఉందో ముందే తెలుసుకోవచ్చా?

స్వైపింగ్ మెషీన్ నుంచి వచ్చే చీటీలో ఎంఐడీ (వ్యాపారి నంబరు), టీఐడీ (మెషీన్ నంబరు) ఉంటాయి కానీ అందులో ఎంసీసీ మామూలుగా ఉండదు. కౌంటర్‌లో కుర్రాణ్ణి అడిగినా లాభం లేదు, వాళ్లకూ తెలియదు. పనికొచ్చే పద్ధతి ఒకటే: ఆ షాపులో మొదటిసారి 200, 300 రూపాయల చిన్న బిల్లు చేసి, బ్యాంకు యాప్‌లో ఆ లావాదేవీని తెరవండి. కొన్ని యాప్‌లు ‘గ్రోసరీ’, ‘షాపింగ్’, ‘డిపార్ట్‌మెంటల్ స్టోర్’ అని విభాగం చూపిస్తాయి. చూపించకపోతే స్టేట్‌మెంట్ వచ్చాక ఎంత జమైందో చూసి లెక్క కట్టుకోవాలి. ఒకే సంస్థకు బెంజి సర్కిల్ దగ్గర ఒక కోడ్, గుంటూరు బ్రాంచిలో ఇంకో కోడ్ ఉండటం వింతేమీ కాదు. మెషీన్ ఇచ్చిన బ్యాంకు వేరైతే కోడ్ కూడా వేరుగా పడొచ్చు.

4. అయితే ఏ కార్డు తీసుకోవాలి?

కార్డు కంటే ముందు ఇంటి ఖర్చు చూడండి. గత రెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్‌పే లేదా గూగుల్ పే చరిత్ర తెరిచి, సరుకుల ఖర్చును మూడు గంపలుగా విడదీయండి: సూపర్ మార్కెట్, వీధి కొట్టు, యాప్. ఏ గంప బరువుగా ఉందో దాన్నిబట్టి కార్డు.

యాప్ ఖర్చు ఎక్కువైతే: స్విగ్గీ హెచ్‌డీఎఫ్‌సీ కార్డు స్విగ్గీలో, ఇన్‌స్టామార్ట్‌తో కలిపి, 10 శాతం ఇచ్చేలా మొదలైంది. మిగతా ఖర్చుల మీద ఎక్కువ భాగం 1 శాతమే. ఏడాది ఫీజు 500, జీఎస్టీ అదనం. సరుకులు అమెజాన్‌లో తెప్పించుకునేవాళ్లకు అమెజాన్ పే ఐసీఐసీఐ: ప్రైమ్ సభ్యులకు 5 శాతం, కానివాళ్లకు 3 శాతం, బయట 1 శాతం. దీనికి ఏడాది ఫీజు లేదు. మొదటి కార్డు ఏదని అడిగేవాళ్లకు ఎక్కువసార్లు మేం చెప్పేది ఇదే. వాడకపోయినా జేబుకు చిల్లు పడదు.

బిగ్‌బాస్కెట్ వాడేవాళ్లకు టాటా న్యూ ఇన్ఫినిటీ కార్డు: అక్కడ 5 శాతం న్యూ కాయిన్లు, బయట 1.5 శాతం. ఒక కాయిన్ ఒక రూపాయికి సమానమే కానీ అది నగదు కాదు, టాటా న్యూలో, దాని భాగస్వామి సంస్థల్లోనే చెల్లుతుంది. పైగా కాయిన్లకు గడువుంటుంది. క్యాష్‌బ్యాక్ అంటే స్టేట్‌మెంట్‌లో తగ్గే డబ్బే అనుకునేవాళ్లు ఈ తేడా గమనించాలి.

వీధి కొట్టు ఖర్చు ఎక్కువైతే రూపే కార్డు తప్పనిసరి. వీసా, మాస్టర్ కార్డు క్రెడిట్ కార్డులను యూపీఐకి జోడించడం కుదరదు. టాటా న్యూ ఇన్ఫినిటీ రూపే రకంలోనూ దొరుకుతుంది. దాన్ని టాటా న్యూ యాప్‌లోని యూపీఐ ఐడీతో వాడితే 1.5 శాతం, వేరే యాప్‌తో వాడితే 0.5 శాతం అనే తేడా 2024 ఆగస్టు నుంచి వచ్చింది. ఒకే కార్డు, ఒకే కొట్టు, ఒకే క్యూఆర్. యాప్ మారితే రాబడి మూడో వంతుకు పడిపోతుంది. ఇలాంటివి ప్రకటనలో కనిపించవు, నిబంధనల్లో ఉంటాయి.

అంతా డీమార్ట్‌లోనే, నెలకోసారి పెద్ద బండి నింపుకుని వచ్చే ఇళ్లకు ప్రత్యేక కార్డుతో ఒరిగేది తక్కువ. ఫీజు లేని 1 శాతం కార్డు చాలు. ఎమ్మార్పీ మీద అక్కడ తగ్గే ధర ముందు క్యాష్‌బ్యాక్ కొసరే.

దరఖాస్తుకు ముందు ఇంకొక్కటి. కొన్ని బ్యాంకులు 520, 522తో మొదలయ్యే పిన్‌కోడ్‌లలో కొన్నిటికి కార్డులివ్వవు. వెబ్‌సైట్‌లో పిన్‌కోడ్ కొట్టి చూశాకే వివరాలివ్వండి. దరఖాస్తు తిరస్కరించినా సిబిల్‌లో, అంటే మీ అప్పుల చరిత్ర రికార్డులో, విచారణ మాత్రం నమోదవుతుంది.

5. మా వీధి కొట్లో మెషీన్ లేదు, క్యూఆర్ స్టిక్కరే ఉంది. క్రెడిట్ కార్డు వాడొచ్చా?

రూపే క్రెడిట్ కార్డు ఉంటే వాడొచ్చు. 2022 నుంచి ఈ సదుపాయం ఉంది. జోడించే పద్ధతి:

ముందుగా బ్యాంకులో నమోదైన నంబరు సిమ్ ఈ ఫోన్‌లోనే ఉందో లేదో చూసుకోండి. భీమ్, ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం ఏదైనా తెరిచి, చెల్లింపు పద్ధతుల్లో ‘రూపే క్రెడిట్ కార్డు’ నొక్కి, బ్యాంకును ఎంచుకోండి. ఫోన్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ తనంతట తనే వెళ్తుంది. రెండు సిమ్‌లుంటే ఇక్కడే తప్పు జరుగుతుంది, సరైన సిమ్‌ను ఎంచుకోవాలి. ఆ సిమ్‌లో ఎస్సెమ్మెస్ పంపే బ్యాలెన్స్ కూడా ఉండాలి. కార్డు కనిపించాక చివరి ఆరు అంకెలు, గడువు నెల, ఏడాది కొట్టి, ఓటీపీ ఇచ్చి, కొత్త యూపీఐ పిన్ పెట్టుకోవాలి. ఏటీఎం పిన్ వేరు, ఇది వేరు.

కొట్లో స్కాన్ చేసి మొత్తం కొట్టాక, పిన్ కొట్టే ముందు కింద ఏ ఖాతా చూపిస్తోందో చూడండి. చాలా ఫోన్లలో పొదుపు ఖాతానే మొదట ఉంటుంది. చూసుకోకుండా పిన్ కొడితే డబ్బు బ్యాంకు ఖాతాలోంచి పోతుంది, క్యాష్‌బ్యాక్ సున్నా. వెనకాల నలుగురు నిలబడి ఉంటే ఇంకా తేలిగ్గా జరుగుతుంది ఈ పొరపాటు.

6. స్కాన్ చేశాక ‘ఈ వ్యాపారి క్రెడిట్ కార్డు తీసుకోరు’ అని వస్తోంది. కార్డులో లోపమా?

కార్డులో కాదు, ఎక్కువసార్లు క్యూఆర్‌లో. స్కాన్ చేయగానే పైన వచ్చే పేరు చదవండి. ‘శ్రీ వేంకటేశ్వర జనరల్ స్టోర్స్’ లాంటి కొట్టు పేరు కాకుండా ఒక మనిషి పేరే వస్తే, అది చాలావరకు ఆయన సొంత ఖాతా క్యూఆర్. వ్యక్తి నుంచి వ్యక్తికి వెళ్లే డబ్బుకు క్రెడిట్ కార్డు చెల్లదు. అది నిబంధన, దానికి మార్గాంతరం లేదు. కొట్టాయన ఫోన్‌పే బిజినెస్, పేటీఎం ఫర్ బిజినెస్ లాంటి వాటిలో వ్యాపారిగా నమోదై, అక్కడ ఇచ్చే క్యూఆర్ పెడితేనే చెల్లుతుంది.

వ్యాపారి క్యూఆర్ ఉన్నా కొందరు క్రెడిట్ కార్డును తీసుకోకుండా ఆపేసుకుంటారు. కారణం ఖర్చు. రూపే క్రెడిట్ కార్డుతో యూపీఐ చెల్లింపు 2,000 రూపాయల లోపైతే చిన్న వ్యాపారికి ఎండీఆర్, అంటే బ్యాంకుకు కట్టే రుసుము, ఉండదు. 2,000 దాటితే ఉంటుంది. కందిపప్పు, పంచదార, నూనె లాంటి వాటిమీద కొట్టాయనకు మిగిలేదే చాలా తక్కువ. అందులోంచి రుసుము పోతుందంటే ఆయన వద్దనడంలో తప్పులేదు. తెలిసిన కొట్టైతే నెల సరుకుల బిల్లును రెండు విడతలుగా, ఒక్కోటి 2,000 లోపు తీసుకుంటే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు. నెలంతా వాడుకునే సరుకులను పదిహేనేసి రోజులకు కొనడమే కాబట్టి ఇందులో దొంగతనమేమీ లేదు.

7. ‘కార్డైతే 2 శాతం ఎక్కువ’ అంటున్నారు. ఇవ్వాలా?

వ్యాపారి బ్యాంకుతో చేసుకునే ఒప్పందాల్లో మామూలుగా దీనికి అనుమతి ఉండదు. కానీ బియ్యం కొట్లలో, హోల్‌సేల్ కొట్లలో ఈ మాట రోజూ వినిపిస్తుంది. గొడవకంటే లెక్క మేలు. 25 కేజీల బియ్యం బస్తా 1,500 అనుకుంటే, 2 శాతం అంటే 30 ఎక్కువ ఇస్తారు. 1 శాతం కార్డు మీద 15 వెనక్కి వస్తుంది. 15 నష్టం. మామూలు యూపీఐ చేసేయండి.

గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్‌లోనో, వన్‌టౌన్‌లోనో, గుంటూరు పట్నంబజారులోనో బస్తాల లెక్కన కొనేటప్పుడు ఇదే సూత్రం. అక్కడ కేజీకి తగ్గే ధర చాలాసార్లు ఏ కార్డు ఇచ్చే శాతం కంటే ఎక్కువే. కార్డు చెల్లదని వెనక్కి తిరిగొచ్చి, అదే సరుకు ఎక్కువ ధరకు సూపర్ మార్కెట్‌లో కొని 1 శాతం సంపాదించడం అసలుకు ఎసరు పెట్టుకోవడమే.

8. రైతు బజారు కూరగాయలు, పాల ప్యాకెట్లు, చికెన్ సంగతేంటి?

రైతు బజార్లలో అమ్మేది రైతులే కాబట్టి క్యూఆర్‌లు ఎక్కువగా సొంత ఖాతావి. క్రెడిట్ కార్డు చెల్లదు. వదిలేయండి. పొద్దున్నే వేసే పాల ప్యాకెట్లకు నెల చివర డబ్బులిచ్చే చోటా అంతే. పాల డెలివరీ యాప్ వాడేవాళ్లు ముందుగా వాలెట్‌లో డబ్బు వేయాల్సి వస్తుంది. అది వాలెట్ కోడ్ 6540 కింద పడితే చాలా కార్డులు ఏమీ ఇవ్వవు. చికెన్ దుకాణాల్లో వ్యాపారి క్యూఆర్ ఉంటే రూపే పనిచేస్తుంది, కానీ కోడ్ 5422 కాబట్టి ‘గ్రోసరీ’ ప్రత్యేక శాతం ఆశించకండి, మామూలు శాతమే.

9. పది నిమిషాల డెలివరీ యాప్‌లలో 10 శాతం నిజంగా లాభమేనా?

బిల్లు పెద్దదైతే లాభం. 180 రూపాయల ఆర్డర్‌కు 10 శాతం అంటే 18. చిన్న ఆర్డర్ రుసుము, హ్యాండ్లింగ్ రుసుము, డెలివరీ రుసుము కలిస్తే ఆ 18 ఎప్పుడో దాటిపోతుంది. వాన పడితే ఇంకో రుసుము. డెలివరీ ఉచితమయ్యే మొత్తానికి ఆర్డర్ చేర్చి, ధరలను బయట సూపర్ మార్కెట్ ధరలతో పోల్చి చూశాకే చెల్లించండి. సబ్బులు, టీ పొడి, బిస్కెట్లు లాంటి ఎమ్మార్పీ సరుకుల మీద తేడా ఇట్టే తెలుస్తుంది. కూరగాయలు, పళ్ల మీద ధరతో పాటు తూకం కూడా చూడాలి. 450 గ్రాముల ప్యాకెట్‌ను కేజీ ధరతో పోల్చుకోవడం అందరూ మర్చిపోయే పని.

చెల్లించేటప్పుడు కార్డు నంబరును నేరుగా వాడండి. అదే కార్డుతో వేరే వాలెట్ నింపి, ఆ వాలెట్ నుంచి చెల్లిస్తే 10 శాతం రాదు. యాప్‌లో కార్డును సేవ్ చేసుకోవడానికి భయపడక్కర్లేదు. 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారుల దగ్గర అసలు కార్డు నంబరు ఉండకూడదు. దాని బదులు టోకెన్, అంటే మారు నంబరు, ఉంటుంది.

ఇంటికి సరుకులు పంపే ఊళ్లోని సూపర్ మార్కెట్లు కొన్ని వాట్సాప్‌లో చీటీ తీసుకుని, చెల్లింపు లింకు పంపిస్తాయి. లింకు తెరిచి కార్డు వివరాలిచ్చి కడితే అది మామూలుగా ఆన్‌లైన్ లావాదేవీ. 5 శాతం ఆన్‌లైన్ కార్డు ఉన్నవాళ్లు కౌంటర్ దగ్గర గీకడం కంటే ఈ దారి చూసుకోవచ్చు. మొదటిసారి చిన్న మొత్తంతో పరీక్షించాకే.

10. హద్దు అంటే ఏమిటి? ఆవకాయ కాలంలో, సంక్రాంతికి ఎలా సర్దుకోవాలి?

5 శాతం క్యాష్‌బ్యాక్‌కు నెలకు 500 హద్దు అంటే, 10,000 ఖర్చు వరకే 5 శాతం. ఆ తర్వాత 1 శాతమో, సున్నానో. హద్దును శాతంతో భాగిస్తే మీరు ఆ కార్డు మీద నెలకు ఎంతవరకు ఖర్చు పెట్టాలో తేలుతుంది. ఆ అంకెను కార్డు కవరు మీద పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నా సరే.

ఏప్రిల్, మే నెలల్లో ఆవకాయకు నూనె, కారం, ఆవపిండి, వెల్లుల్లి ఒకేసారి కొంటారు. ఏడాదికి సరిపడా ఎండు మిర్చి కూడా అప్పటికే కొని ఉంటారు. ఇవన్నీ ఒకే నెలలో పడితే హద్దు మొదటి వారంలోనే అయిపోతుంది. హద్దు కొన్ని కార్డుల్లో క్యాలెండరు నెలకు, కొన్నిట్లో స్టేట్‌మెంట్ నుంచి స్టేట్‌మెంట్‌కు. రెండోది అయితే, స్టేట్‌మెంట్ 18న వచ్చే కార్డు మీద నూనె డబ్బాలు 16న, మిగతావి 20న కొంటే రెండు హద్దులు వాడుకున్నట్టు. నూనె, పప్పులు, పంచదార ముందే కొని పెట్టుకోవచ్చు. మామిడికాయలకు ఎలాగూ కార్డుతో పనిలేదు.

గుంటూరు వాళ్లకు ప్రత్యేకంగా: మిర్చి కొనడానికి తెలిసిన వ్యాపారి దగ్గరికి వెళ్తే నగదో, మామూలు యూపీఐనో అడుగుతారు. క్యాష్‌బ్యాక్ కోసం ప్యాకెట్ కారం కొనకండి. నాణ్యతలోనూ ధరలోనూ కాయ కొని పట్టించుకున్నదే మేలు.

ఇంకో చిన్న మెలిక. కొన్ని కార్డులు ప్రతి 100కో, 150కో లెక్కవేసి పాయింట్లిస్తాయి. 150 లెక్క ఉన్నచోట 140 బిల్లుకు ఏమీ రాదు, 290కి ఒక్క విడతే. పాల ప్యాకెట్, బ్రెడ్ అంటూ రోజుకో చిన్న బిల్లు చేసేవాళ్లకు నెలాఖరుకు పాయింట్లు ఎందుకు తక్కువొచ్చాయో అర్థం కాకపోవడానికి ఇదే కారణం.

11. స్టేట్‌మెంట్ తేదీని వాడుకోవడమంటే?

స్టేట్‌మెంట్ 12న వస్తే, 13న కొన్న సరుకులు వచ్చే నెల 12 స్టేట్‌మెంట్‌లో కనిపిస్తాయి. దానికి కట్టే గడువు మరో 18, 20 రోజులు. అంటే 50 రోజుల దాకా వడ్డీ లేని అప్పు. 11న కొంటే మాత్రం 20 రోజుల చిల్లరే. జీతం ఒకటో తారీఖున పడేవాళ్లకు గడువు తేదీ 3కూ 7కూ మధ్య ఉంటే హాయి. గడువు తేదీ నచ్చకపోతే స్టేట్‌మెంట్ చక్రాన్ని కనీసం ఒక్కసారి మార్చుకునే హక్కు కార్డుదారుకు ఉందని రిజర్వు బ్యాంకు నిబంధన చెబుతుంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసో, యాప్‌లోనో అడగండి.

12. ఈ నెల కొంచెం ఇరుకుగా ఉంది. కనీస మొత్తం కడితే చాలదా?

కనీస మొత్తం కడితే ఆలస్య రుసుము తప్పుతుంది. వడ్డీ తప్పదు. కార్డు వడ్డీ సాధారణంగా నెలకు 3.5 నుంచి 3.75 శాతం, అంటే ఏడాదికి 42 నుంచి 45 శాతం. 12,000 బిల్లులో కనీసం 600 కట్టి 11,400 మిగిల్చారనుకోండి. ఒక్క నెలకే వడ్డీ 427, దాని మీద జీఎస్టీ 77. 500 దాటింది. 1వ ప్రశ్నలో లెక్క వేసిన రెండు నెలల క్యాష్‌బ్యాక్ ఈ ఒక్క నెలలో ఎగిరిపోయింది.

అసలు దెబ్బ అది కూడా కాదు. పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్న సరుకులకు వడ్డీలేని గడువు ఉండదు. కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు. అందుకే ఆటోపే, అంటే బిల్లు ఖాతాలోంచి తనంతట తనే కట్టే ఏర్పాటు, పెట్టేటప్పుడు ‘కనీస మొత్తం’ కాకుండా ‘మొత్తం బకాయి’ అని ఉందో లేదో చూడండి. కొన్ని ఫారాల్లో మొదటిదే ముందుగా టిక్ అయి ఉండొచ్చు.

గడువు తేదీ రోజు మర్చిపోయారా? మూడు రోజులు దాటాకే ఆలస్య రుసుము వేయాలని, సిబిల్‌కు ఆలస్యంగా చూపాలని రిజర్వు బ్యాంకు 2022 నిబంధన. గుర్తొచ్చిన వెంటనే కట్టేయండి. ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో డబ్బు తీయకండి. దానికి మొదటి రోజు నుంచే వడ్డీ, పైగా రుసుము.

13. సరుకు వాపసు ఇస్తే క్యాష్‌బ్యాక్ ఏమవుతుంది?

వాపసు మొత్తం మీద ఇచ్చినది వెనక్కి తీసుకుంటారు. అందువల్ల ఒక్కోసారి స్టేట్‌మెంట్‌లో క్యాష్‌బ్యాక్ మైనస్‌లో కనిపిస్తుంది. వాపసు డబ్బు పడింది కదా అని ఆ మేరకు బిల్లు తగ్గించి కట్టే ముందు, అది స్టేట్‌మెంట్ తేదీకి ముందు పడిందో తర్వాత పడిందో చూడండి. తర్వాత పడితే ఈ స్టేట్‌మెంట్‌లోని మొత్తాన్ని పూర్తిగా కట్టేయడమే క్షేమం. మిగిలింది వచ్చే బిల్లులో సర్దుకుంటుంది.

14. రావాల్సిన క్యాష్‌బ్యాక్ రాలేదు. ఎవరిని అడగాలి?

రెండు స్టేట్‌మెంట్ల దాకా ఆగండి, కొన్ని కార్డుల్లో జమ ఆలస్యంగా పడుతుంది. తర్వాత లావాదేవీ తేదీ, మొత్తం, వ్యాపారి పేరు, రావాల్సిన శాతం రాసి బ్యాంకుకు ఈమెయిల్ పంపండి. ఫిర్యాదు నంబరు తీసుకోవడం ముఖ్యం. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు ఆంబుడ్స్‌మన్ (ఫిర్యాదుల అధికారి) పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. 45 రూపాయల కోసం అంత దూరం ఎందుకంటారా? ఒక్క బిల్లుకైతే ఎందుకూ వద్దు. ప్రతి నెలా అదే షాపులో తప్పు కోడ్ పడుతుంటే మాత్రం షాపు మార్చడమే తేలిక.

15. జీతం లేదు, సొంత వ్యాపారం. లేదా ఇల్లు చూసుకునేది నేనే. కార్డు ఎలా?

ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డులున్నాయి. డిపాజిట్‌పై వడ్డీ వస్తూనే ఉంటుంది, ఎక్కువగా డిపాజిట్‌లో 75 నుంచి 90 శాతం దాకా ఖర్చు లిమిట్ ఇస్తారు. బిల్లు కట్టకపోతే డిపాజిట్‌లోంచి తీసుకుంటారు. ఇంట్లో ఒకరికి కార్డు ఉంటే రెండోవారికి అదే ఖాతా మీద యాడ్-ఆన్ (అదనపు) కార్డు తీసుకోవచ్చు. సరుకులు తెచ్చేది వాళ్లే అయితే ఇదే సులువు. కానీ లిమిట్, క్యాష్‌బ్యాక్ హద్దు రెండూ ఇద్దరికీ కలిపే, బాధ్యత మాత్రం అసలు కార్డుదారుదే.

16. సిబిల్ మీద ప్రభావం?

లిమిట్‌లో 30 శాతం లోపు వాడి, మొత్తం కట్టేస్తే మంచిదే. లిమిట్ 30,000 ఉన్న కార్డు మీద పండగ నెలలో 25,000 సరుకులు, బట్టలు కొంటే స్కోరు కొద్దిగా తగ్గొచ్చు. బ్యాంకులు ఇప్పుడు నెలలో ఒకటికంటే ఎక్కువసార్లు వివరాలు పంపిస్తున్నాయి కాబట్టి, ఇల్లు, బండి అప్పుకు వెళ్లే ముందు స్టేట్‌మెంట్ రాకముందే కొంత కట్టేస్తే సరిపోతుంది.

17. బంధువుల సరుకులూ నా కార్డుతో కొని డబ్బు తీసుకోవచ్చా? ఆదాయపన్ను వాళ్లు అడుగుతారా?

చిన్న మొత్తాలకు ఎవరూ అడగరు. ఏడాదిలో కార్డు బిల్లులు మొత్తం 10 లక్షలు దాటినా, నగదుతో కట్టినది లక్ష దాటినా బ్యాంకు ఆ వివరం ఆదాయపన్ను శాఖకు పంపుతుంది. ఫంక్షన్ సరుకులు మొత్తం మీ కార్డు మీద తీసే ముందు ఇది గుర్తుంచుకోండి. బంధువు డబ్బు ఆలస్యంగా ఇస్తే వడ్డీ మీ నెత్తినే.

18. ‘మీ రివార్డు పాయింట్లు ఈ రాత్రి చెల్లిపోతాయి’ అని మెసేజ్ వచ్చింది. నిజమేనా?

లింకు ఉంటే, ఏపీకే ఫైలు (ప్లే స్టోర్ బయటి యాప్) దించుకోమంటే మోసమే. పాయింట్లు వాడుకోవడానికి బ్యాంకు అసలు యాప్ తప్ప వేరే దారి వెతకొద్దు. ఇప్పటికే నొక్కేసి డబ్బు పోతే ముందు యాప్‌లో కార్డు బ్లాక్ చేసి, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మీ తప్పు లేని మోసపు లావాదేవీని మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే మీమీద భారం పడదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే మాత్రం ఈ రక్షణ దక్కడం కష్టం.

మెషీన్ మీద తాకించి చెల్లించే పద్ధతిలో 5,000 దాకా పిన్ అడగదు. కార్డు ఎక్కడైనా పడిపోయిందేమో అని అనుమానం వస్తే ముందు ఆ సదుపాయాన్ని యాప్‌లో ఆపేయండి, తర్వాత వెతకండి.

19. ఫీజు పడింది, కార్డు వద్దనుకుంటున్నా. ఎలా మూసేయాలి?

ముందు మిగిలిన పాయింట్లు, కాయిన్లు వాడేయండి, మూసేశాక అవి రావు. బాకీ సున్నా చేయండి. ఆటోపేలు, యూపీఐలో జోడింపు తీసేయండి. తర్వాత యాప్‌లో గానీ ఈమెయిల్‌లో గానీ మూసివేత అభ్యర్థన పెట్టండి. బాకీ లేకపోతే బ్యాంకు ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 చొప్పున మీకే కట్టాలి. ఫోన్‌లో ‘ఫీజు మాఫీ చేస్తాం, ఉంచండి’ అంటారు. మాఫీ నిజమైతే స్టేట్‌మెంట్‌లో వెనక్కి జమైనట్టు కనిపించేదాకా అభ్యర్థన వెనక్కి తీసుకోకండి.